చూడంది ఏలు పెట్టని పెద్దవ్వ

పెద్దవ్వ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను సిరిసిల్లల ఆఫీసుల ఉన్న. ఆమె బిడ్డ చేసింది. "అన్నా, అవ్వ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, మంచిగనే మాట్లాడింది. జర నడుం వాలుస్త అని పండింది, ఇగ లేవలే," అన్నది. నేను అయ్యో అన్న. ఎప్పుడు తీస్కపోతరని అడిగిన. మాపటికే అన్నది. ఫోన్ పెట్టినంక నా మనసుల మొదలు ఏమొచ్చిందో చెప్తె మీరు నన్ను చీదరించుకుంటరు. ఏడుపు గాదు. "ఇగ నన్ను అడిగేటోళ్లు లేరు" అని ఒక్క నిమిషం నిమ్మలమైంది. గా నిమ్మలానికి నా మీద నాకే అసయ్యమైంది. గందుకే గిది రాస్తున్న.

పెద్దవ్వ నాకు చుట్టం గాదు. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే తొవ్వల ఒక పెద్దూరు ఉన్నది. పేరు చెప్ప, ఆ ఊరోళ్లను మల్ల పరేషాన్ జేసుడు నాకిష్టం లేదు. పంచాయతీ సెక్రటరీగ నాకు మొదటి పోస్టింగ్ గక్కడ్నే. మాది కోనరావుపేట దిక్కు, ఆ ఊర్ల నాకు ఎవ్వలూ ఎర్క లేరు. ఆమె ఇంటి ముంగటి అర్రల కిరాయికి దిగిన. సామాన్లు దించుతుంటె తల్లెల రెండు జొన్న రొట్టెలు, పుంటికూర తొక్కు పట్టుకోని వచ్చింది. "ఏం కొడుకా, వండుకునుడు వస్తదా, లేకుంటె సర్కారే వండిపెడ్తదా?" అన్నది. వస్తదని అబద్ధమాడిన. మూడేండ్లు ఆమె చేతి కూర తింటనే ఉన్న.

బీడీలు చేస్తుండె. పొద్దంత అరుగు మీద ఆమె, పక్కింటి ఖాలా ఎదురుబొదురు కూసుండి, చాటలు ఒళ్లె పెట్టుకోని చేస్తుండ్రి. ఖాలా వాళ్లు ఇంట్ల ఉర్దూ మాట్లాడుతరు, అరుగు మీద మాత్రం తెలుగే. ఇద్దరూ ఇరువై ఏండ్ల సంది ఒక్కకాడ్నే ఆకు కత్తిరిస్తుండ్రంట. ఒకలు లేచి అన్నం పొయ్యి మీద పెట్టొస్తె ఇంకొకలు ఆమె చాట చూసేది. పండుగకు ఇటు సకినాలు అటు, అటు సేమ్యాలు ఇటు. కొట్లాడుకునేటోళ్లు గూడ. సీరియల్ల అత్త మంచిదా కోడలు మంచిదా అని ఒక దినమంత మాట్లాడుకోలేదు, తెల్లారి ఖాలానే చాయ్ తెచ్చింది.

పెద్దవ్వకు సదువు రాదు. ఏలిముద్రనే. కుడిచేతి బొటనేలు మీద ఆకు కత్తెర తెగిన గీత ఒకటి ఏటవాలుగ ఉండె, ముద్ర ఏస్తె గా గీత తెల్లగ పడేది. కని ఆమెతోని ముద్ర ఏపిచ్చుడు అంత సులువు గాదు. "ఏం రాసింది? సదువు. మల్లొకసారి సదువు," అనేది. రేషన్ డీలరైతె ఆమెను చూస్తెనే తల పట్టుకునేటోడు. ఆయన బియ్యం జోకుతుంటె కాంట చూసేది, బుక్కుల ఏం రాసిండో పక్కనున్న పిల్లతోని సదివిచ్చుకునేది, గప్పుడు ఏలు. "నేను చూడంది ఏలు పెట్ట" అని ఆమె మాట. ఊర్ల ఎవ్వలకన్న ఏదన్న పని లేటైతె, పెద్దవ్వ ఏలు పెడుతున్నదా అని నవ్వుకునేటోళ్లు.

నేను పోయిన రెండో యేడు ఊరికి మంచినీళ్ల ప్లాంటు వచ్చింది. జాగ, బోరు, కరెంటు పంచాయతీవి. మిషను, నడిపే మనిషి కంపెనోళ్లవి. కాయితాలల్ల దాన్ని పబ్లిక్ ప్రైవేట్ పార్ట్‌నర్‌షిప్ అని రాసిండ్రు. గ్రామసభల కంపెనీ సూపర్‌వైజర్ నిలవడి, మీరూ మేమూ కలిసి నడుపుకుందాం అని మంచిగ మాట్లాడిండు. అందరు సప్పట్లు కొట్టిండ్రు. పెద్దవ్వ ఆడోళ్లల్ల నుంచి లేచింది.

"అంత మంచిగనే ఉన్నది సారూ. నీళ్లు ఖరాబైతె ఎవ్వల గల్ల పట్టాలె?"

సభంత గొల్లున నవ్వింది. సూపర్‌వైజరు పంచాయతీ దిక్కు చూసిండు. సర్పంచి కంపెనీ దిక్కు చూసిండు. పెద్దవ్వ మాత్రం కూసోలే. "గిదే నేనడిగేది. సగం మీది సగం మాది అంటె, రేపు తప్పైనప్పుడు మొత్తం ఎవ్వలది గాకుంట పోతది. ముందుగాల్నే రాయుండ్రి," అన్నది.

ఆ ఒక్క మాటకే ఒప్పందంల సోమవారం షరతు ఎక్కింది. నేనే రాసిన. ప్రతి సోమవారం పంచాయతీ సెక్రటరీ, మహిళా సంఘం మనిషి ఇద్దరు ప్లాంటు లోపలికి పోయి చూడాలె. ఫిల్టర్లు మార్చిండ్రా, ట్యాంకు కడిగిండ్రా, పైపులు మంచిగున్నయా. చూసి, వారం వారం ఒక అచ్చు కాయితం మీద దస్కతు పెట్టాలె. ఆ కాయితాలన్నీ ఫైలుల కుట్టాలె. ఇద్దరిల ఒకలు లేకుంటె ఇంకొకలన్న చూసి పెట్టాలె. వరుసగ రెండు సోమవారాలు కాయితం ఖాళీగ ఉంటె ప్లాంటు బందు. సంఘం తరఫున ఎవ్వలను పెట్టుకుంటరంటె ఆడోళ్లందరూ పెద్దవ్వనే చూపిచ్చిండ్రు.

సోమవారమొస్తె ఆమె తయారు చూడాలె. కొంగు నడుముకు చెక్కేది, టార్చిలైటు పట్టేది, నాకంటె ముందుగాల పోయి ప్లాంటు కాడ కూసునేది. ట్యాంకు మూత తీపిచ్చి తల లోపల పెట్టి వాసన చూసేది. గోడకు ఏలు రాసి పాకురున్నదా అని చూసేది. ఉంటె ఆపరేటర్ పిలగానితోని అప్పటికప్పుడు కడిగిచ్చేది, కడిగేదాక అక్కడ్నే కూసుండేది. ఆఖరికి ఒక గిలాసెడు తాగి, మూతి తుడుసుకోని, గప్పుడు ఏలు. ఒకసారి మండలంల మీటింగ్ ఉన్నదని తొందరల నేను ముందే దస్కతు పెట్టిన. "తినకముందే కడుపు నిండిందని తేన్పినట్టున్నది నీ దస్కతు," అన్నది. ఆ కాయితం చింపిచ్చి కొత్తది రాపిచ్చింది. సర్కారు నాకు ట్రైనింగ్ ఇచ్చింది హైదరాబాదుల. పని నేర్పింది మాత్రం ఈమెనే. గీ మాట అప్పుడు ఒప్పుకోవాల్సి ఉండె.

సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు, బస్సులు బందు, బడులు బందు. రోడ్డు మీద శిబిరం ఏసినం. ఆ దినాలు యాదికొస్తె ఇప్పుడు గూడ ఒళ్లు పులకరిస్తది, అది అబద్ధం గాదు. పెద్దవ్వ బీడీలు చేసే ఆడోళ్లందరినీ తోల్కొచ్చింది. రోడ్డు మీద వంటావార్పు పెడ్తె పెద్ద గంజుల పప్పు ఆమెనే కలిపింది. జై తెలంగాణ అంటె ఆమె గొంతు అందరికన్న మీదికి ఇనవడేది.

మొదటి సోమవారం ఆమె శిబిరంలకొచ్చి నా ముంగట నిలవడ్డది. టార్చిలైటు చేతుల ఉన్నది.

"నడువు కొడుకా, ప్లాంటు చూసొద్దాం."

"సమ్మె గద పెద్దవ్వా. సర్కారు పని ఒక్కటి సుత ముట్టద్దు."

"అది సర్కారు పనెట్లయితది? మనం తాగే నీళ్లాయె."

"ముట్టద్దంటె ముట్టద్దు. ఉద్యమానికి ద్రోహం చేసినట్టయితది."

"తెలంగాణ వస్తె నీళ్లు తాగమా?" అన్నది.

శిబిరంల అందరు నవ్విండ్రు. నా పక్కన కూసున్న పంతులు, "సెక్రటరీ సాబ్, నీకు కలెక్టర్ కరీంనగర్ల లేడు, గీడ్నే ఉన్నడు," అన్నడు. మల్ల నవ్వు. మెడల గులాబి కండువ ఏసుకోని, పొద్దుగాల్నే మైకుల అంత మాట్లాడిన మనిషిని. అందరి ముంగట ఒక బీడీలు చేసే ముసల్ది నా నోరు మూపిచ్చింది అనుకున్న. అవును, ముసల్ది అన్న మాటనే అనుకున్న. ఆమె పెట్టిన రొట్టె నా కడుపుల ఉండంగనే అనుకున్న.

ఆ మాపటికే కంపెనీ సూపర్‌వైజర్ జగిత్యాల నుంచి మోటర్ సైకిల్ మీద వచ్చిండు. నన్ను చాయ్ హోటల్ ఎనుకకు తీస్కపోయిండు. "సార్, సమ్మెకు లారీలు వస్తలేవు, కొత్త ఫిల్టర్లు లేవు. పెద్దవ్వ చూస్తె ఏలు పెట్టది. పెట్టకుంటె రెండు వారాలకు ప్లాంటు బందు, ఊరంత మీ మీద పడ్తది. మీరు సమ్మెల ఉన్నరు, మీ దస్కతు అవసరం లేదు. ఆమె ముద్రలు ఉంటె చాలు," అని ఖాళీ అచ్చు కాయితాలు చేతుల పెట్టిండు. నేను వద్దనలే. పైసలిచ్చిండు అనుకునేరు, ఒక్క రూపాయి ఇయ్యలే. ఆయన ఏం ఇయ్యకుంటనే చేసిన. ఆమె మీద కోపం నాకు సాలింది.

శిబిరంల తెలంగాణ కోసం ఊరోళ్లతోని మహజరు కాయితాల మీద దస్కతులు తీస్కుంటున్నం, ఢిల్లీకి పంపుటానికి. తెల్లారి పెద్దవ్వను నేనే పిలిచిన. మీద ఒక మహజరు, దాని కింద సూపర్‌వైజర్ ఇచ్చినయి ఎనిమిది.

"ఏం రాసింది? సదువు," అన్నది.

మీది కాయితం సదివిన. మా రాష్ట్రం మాకు గావాలె అని రాసింది.

"కిందియి గూడ గదేనా?"

"అన్ని గదే పెద్దవ్వా. తెలంగాణ కాయితాలు."

ఆమె నా మొకం చూసింది. నవ్వింది. "తెలంగాణ అంటె ఇగ సదివేదేమున్నది, పట్టు," అన్నది. సిరా డబ్బల ఏలు అద్ది, ఒక్కొక్క కాయితం మీద ఊదుకుంట, చెదరకుంట, తొమ్మిది ముద్రలు ఏసింది. నాకు తెలిసి బతుకుల మొదటిసారి చూడంది ఏలు పెట్టింది. ఏలు తలెంటికలకు తుడుసుకోని, "మనది మనకొస్తది కొడుకా, నువ్వు ఫికర్ పెట్టుకోకు," అని నాకే ధైర్యం చెప్పి పోయింది.

ఆమె ఊకోలే. మల్ల సోమవారం ఒక్కతే ప్లాంటుకు పోయింది. ఆపరేటర్ పిలగాడు, సారు లేంది లోపలికి రానియ్యద్దన్నరని తలుపు తియ్యలే. నా దగ్గరికొస్తె, సమ్మె అయినంక చూద్దాం అన్న. ఆమె ఇల్లిల్లు తిరిగి, "మేం చూడలే, జర కాగవెట్టుకోని తాగుండ్రి," అని చెప్పింది. ఎవ్వలు ఇన్నరు, మిషన్ నీళ్లను ఎవ్వలు కాగవెట్టుకుంటరు? ఆ దినాలల్ల వానలు గూడ బాగనే కొట్టినయి.

సమ్మె అయిపోయిన కొన్ని దినాలకే మా వాడకట్టుల కామెర్లు మొదలైనయి. ఒక ఇంట్ల ఇద్దరు, ఒక ఇంట్ల ముగ్గురు. అందరికన్న ఎక్కువైంది ఖాలా మనుమరాలికి, నాలుగేండ్ల పిల్ల. జగిత్యాల దవఖానల పండవెట్టిండ్రు. కండ్లు పసుపు ముద్దలాయె. ఖాలా దవఖాన మెట్ల మీద కూసుండి ఎన్ని దినాలు ఏడ్చిందో. ఆఖరికి పిల్ల బతికింది, అల్లా దయ అన్నది ఖాలా. కని ఆ పిల్ల యేడాది దాక లేచి మంచిగ నడువలే.

ఎంక్వయిరీ పంచాయతీ ఆఫీసులనే జరిగింది. ఊరంత గుమికూడింది. మోరి నీళ్లు పగిలిన పైపులకెళ్లి ట్యాంకులకు పోయినయని తేలింది. సూపర్‌వైజర్ నిమ్మలంగ ఫైలు తీసి ఆఫీసర్ ముంగట పెట్టిండు. "మీ మనిషే ప్రతి సోమవారం చూసి, మంచిగున్నదని ఏలిముద్ర ఏసింది సార్. పైపు పగిలిందని మాకు చెప్పినోళ్లు లేరు." సోమవారానికి ఒకటి, తేదీలు రాసున్నయి. ప్రతి ముద్రల తెల్లటి ఏటవాలు గీత.

ఆఫీసర్ నన్నడిగిండు, "నువ్వు సమ్మెల ఉంటివి గద?"

"ఉన్న సార్."

అబద్ధం ఒక్కటి లేదు దాంట్ల. సమ్మెల ఉన్న మనిషిని ఎవ్వలు అనుమానపడ్తరు? అప్పట్ల గా మాట ఒక ఇజ్జత్.

పెద్దవ్వను పిలిచిండ్రు. "గిది నీ ఏలేనా?"

ఆమె కాయితం మీదికి వంగి చూసింది. "ఏలు నాదే సారూ. నేను చూసింది మాత్రం లేదు," అన్నది.

"చూడకుంట ఎట్ల పెట్టినవ్?"

గప్పుడు ఆమె మెల్లగ నా దిక్కు తిరిగింది. ఆమె మొకంల కోపం లేదు. నేను యాదికి తెస్త, నేను సాక్ష్యం చెప్త అన్న నమ్మకమే ఉండె. "కొడుకా, గివి తెలంగాణ కాయితాలన్నవ్ గద?"

ఊరంత నన్నే చూస్తున్నది. నౌకరి యాదికొచ్చింది. కండువ యాదికొచ్చింది. మైకుల మాట్లాడినయి యాదికొచ్చినయి. "నాకు యాదికి లేదు పెద్దవ్వా. శిబిరంల మస్తు కాయితాలుండె," అన్న.

తనే మోసం చేసినట్టు ఆమె తల కిందికేసుకున్నది. చేసింది నేను, నా తల మాత్రం మీదికే ఉన్నది.

కంపెనీ తప్పు లేదని రాసిండ్రు. పంచాయతీ సమ్మెల ఉండె గన్క దాని తప్పు లేదని రాసిండ్రు. సంఘం మనిషి నిర్లక్ష్యం అని ఒక్క లైను రాసి, సంఘం నుంచి ఆమెను తీసేసిండ్రు. పైపు మార్చి, అదే కంపెనీతోని మల్ల నడిపిండ్రు. ఎవ్వల గల్ల పట్టాలె అని సభల అడిగింది గద, ఊరు ఆమె గల్లనే పట్టింది. మాకు కాగవెట్టుకొమ్మని చెప్పుకుంట, అక్కడ మంచిగున్నదని ఏలు పెట్టిందా, కంపెనోళ్ల కాడ ఏం తిన్నదో అన్నరు. ఖాలా లొల్లి చెయ్యలే. తన చాట తీస్కోని పోయి తన ఇంటి లోపల కూసున్నది. మల్ల ఆ అరుగెక్కలే.

నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఎల్లారెడ్డిపేట దిక్కు. నేనే పెట్టుకున్న. సామాన్లు ఎక్కిస్తుంటె పెద్దవ్వ వచ్చింది. తిడుతదేమో, తిడితె బాగుండు అనుకున్న. బస్సుల తినుమని సద్ది మూట చేతుల పెట్టి, "పైలం," అన్నది. గంతే. ఆ సద్ది నేను తినలే. పారేసుడు గూడ చేతగాక సిరిసిల్ల బస్టాండ్ల ఒక అడుక్కునే ఆయనకిచ్చిన.

చెప్పే సందు దొరకలేదా అంటె దొరికింది. తెలంగాణ వచ్చినంక ఒకసారి కోరుట్ల బస్టాండ్ల కనవడ్డది. బీడీ పింఛన్ సంగతి కనుక్కోను వచ్చిందంట. బాగ ఒంగిపోయింది. "దస్కతు నేర్చుకున్న కొడుకా," అని సంబురంగ చెప్పింది. నా జేబుల పెన్ను గుంజుకోని, టికెట్ ఎనుక తన పేరు రాసి చూపిచ్చింది. ఒక్కొక్క అక్షరానికి నాలుక బయటికి పెట్టుకుంట రాసింది. "రాత్రి బడికి పోయిన. ఏలు ఎవ్వలన్న తీస్కుంటరు, పేరైతె నేనే రాయాలె గద," అన్నది. నన్ను పొడువాలని అన్నది గాదు, ఆమెకు అసొంటి గుణమే లేదు. నాకు నోటికాడికొచ్చింది. పెద్దవ్వా నాకు యాదికున్నది, అప్పుడు గూడ యాదికుండె అని. బస్సు వస్తున్నది. ఒక డజన్ అరటిపండ్లు కొనిచ్చి బస్సెక్కిన.

నేనిప్పుడు సిరిసిల్లల పెద్ద కుర్చీల కూసుంటున్న. దవఖానల రక్తపరీక్షలు, చెత్త బండ్లు, నీళ్లు, ఏది చూసినా సగం సర్కారు, సగం కంపెనీ. ఫైళ్లు నా దగ్గరికే వస్తయి. ప్రతి ఫైలుల ఎక్కన్నో ఒక ఏలిముద్ర ఉంటది. గది చూసినప్పుడల్లా ఫైలు పక్కన పెట్టి పోయి చూసొస్త. మా ఆఫీసుల నన్ను చాదస్తపోడు అంటరు. మెచ్చుకునేటోళ్లు గూడ ఉన్నరు. గా మెప్పు నాది గాదు అని వాళ్లకు ఇయ్యాల దాక చెప్పలే.

తీస్కపోయే యాళ్లకు అందలే. పదకొండో దినం పోయిన. ఇంటి ముంగట టెంటు ఏసిండ్రు, అన్నాలు అయినయి. ఖాలా వచ్చింది. ఇన్నేండ్లకు ఆ గడప దాటిందంట. నెత్తి మీద కొంగు కప్పుకోని ఒక మూలకు కూసున్నది. ఆమె మనుమరాలు ఇప్పుడు ఇంటర్ సదువుతున్నది, పక్కన్నే ఉన్నది. నేను పోయి ఖాలా ముంగట నేల మీద కూసున్న. పెద్దవ్వ బిడ్డ ఇంటున్నది, వాడకట్టోళ్లు నలుగురు ఇంటున్నరు. అంత చెప్పిన. చాయ్ హోటల్ ఎనుక నుంచి మొదలుపెట్టి, యాదికి లేదన్న మాట దాక. ఏం దాచలే.

ఎవ్వలూ నన్ను తిట్టలే. ఒకాయన, "పాత సంగతి సార్, ఇడిసిపెట్టుండ్రి," అన్నడు గూడ. పెద్దవ్వ బిడ్డ కొంగు నోట్లె కుక్కుకోని అవుతలకు తిరిగింది.

ఖాలా నన్నే చూసింది. "గీ మాట ఆమెకు చెప్పినవా?"

"లేదు ఖాలా."

"ఆమె ఉన్నప్పుడు నాకు చెప్పినవా?"

"లేదు."

"నడుమ ఒక్క గోడనే ఉండె బేటా," అన్నది. గొంతు పెరగలే. "ఆమె దగ్గుతె నాకు ఇనొచ్చేది. రాత్రి దగ్గుతుంటె లేచి నీళ్లియ్యాలనిపిచ్చేది. లేవలే. నీ మాఫీ నువ్వు అడుక్కుంటవో ఏమో, నాకు ఎర్కలే. నేను మాఫీ అడగాల్సినామె పోయినంక చెప్తున్నవ్. ఇగ నేనెవ్వలను అడగాలె?"

ఖాలా మనుమరాలి భుజం పట్టుకోని లేచింది. బయటికి పోతదనుకున్న. ఇంటెనుక జాలారు కాడికి పోయి, పీటేసుకోని, వంట గిన్నెల ముంగట కూసున్నది. పెద్దవ్వ బిడ్డ ఉరికింది, "ఖాలా, మేం తోముతం, నువ్వు లే," అని చెయ్యి పట్టి గుంజింది. ఖాలా లేవలే. అప్పటికే తోమి బోర్లిచ్చిన గంజు ఒకటి ఉంటె దాన్నే దగ్గరికి గుంజుకోని, పీచుతోని మల్ల తోముడు మొదలుపెట్టింది. మేమంత చూసుకుంట నిలవడ్డం. ఆమె కడిగిందాన్నే కడుగుతనే ఉన్నది.